మిద్దె మీద మీటింగ్

కాజీపేట స్టేషన్‌లో దిగేసరికి ఉదయం తొమ్మిది దాటింది. ఆరుగురం. అందరి వీపులకీ ల్యాప్‌టాప్ బ్యాగులు. ఒకడి చేతిలో రంగు చీటీల కట్ట, మా ఆర్టిస్ట్ చేతిలో సుద్దముక్కల డబ్బా. ఆటో అన్న మమ్మల్ని ఎగాదిగా చూసి "కాలేజీ ఫెస్టా?" అన్నాడు. ఎన్‌ఐటీ పక్కనే కదా, ఆయన తప్పేం లేదు.

ఫెస్ట్ కాదు. మేం హైదరాబాద్‌లో ఒక చిన్న మొబైల్ గేమ్ చేసే టీమ్. గోలీలాట మీద గేమ్. నూట యాభై కిలోమీటర్ల దూరం వచ్చింది ఒకే ఒక్క మీటింగ్ కోసం. అది కూడా మూడు నెలల కిందట జరిగిపోయిన విషయం గురించి.

ఆ మీటింగ్ పేరు రెట్రోస్పెక్టివ్. ముద్దుగా రెట్రో. సాఫ్ట్‌వేర్‌లో ఉన్నవాళ్లకి తెలుసు, లేనివాళ్లకి రెండు ముక్కల్లో చెప్తాను. పని కాసేపు ఆపి, ఇప్పటిదాకా ఎలా చేశాం, ఏం బాగా జరిగింది, ఏం బెడిసికొట్టింది, ఈసారి ఏం మార్చుకోవాలి అని టీమంతా కలిసి మాట్లాడుకోవడం. 2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రంలో పదిహేడు మంది కూర్చుని అజైల్ మేనిఫెస్టో అని ఒకటి రాశారు. దాని వెనకున్న పన్నెండు సూత్రాల్లో ఆఖరిది ఇదే. గేమ్స్ వాళ్లకి ఈ అలవాటు అంతకు ముందు నుంచే ఉంది. గేమ్ డెవలపర్ అని ఒక అమెరికన్ మ్యాగజైన్ వచ్చేది, 2013లో ఆగిపోయింది. అందులో గేమ్ చేసినవాళ్లే "మాకు బాగా కుదిరినవి ఐదు, బెడిసికొట్టినవి ఐదు" అని రాసేవాళ్లు. దాన్ని పోస్ట్‌మార్టం అనేవాళ్లు. పేరు చూడండి! గేమ్ అంతా అయిపోయాక చేసేది పోస్ట్‌మార్టం. ప్రాణం ఉండగానే, రెండు వారాలకోసారి చేసేది రెట్రో.

మేమూ చేసేవాళ్లం. శుక్రవారం సాయంత్రం నలభై నిమిషాలు. స్క్రీన్ మీద మూడు గళ్లు. అందరూ "కమ్యూనికేషన్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని రాసేవాళ్లు. తర్వాత సమోసాలు.

2024 దీపావళికి మా గేమ్‌లో పండగ అప్‌డేట్ ఇచ్చాం. చిచ్చుబుడ్డి గోలీ, భూచక్రం గోలీ, అన్నీ సూపర్. ఒక్కటే చిక్కు. పాత వెర్షన్ నుంచి అప్‌డేట్ అయినవాళ్లకి దాచుకున్న ఆటంతా ఎగిరిపోయింది. లెవల్స్ సున్నా, నాణేలు సున్నా. పండగ పూట రేటింగ్ కిందికి జారుతుంటే నేను రిఫ్రెష్ కొడుతూ కూర్చున్నాను. ఒకావిడ రాసింది, మా అబ్బాయి ఏడుస్తున్నాడు అని. ఇంకేం రాయలేదు. ఒక స్టార్ ఇచ్చింది.

ఆ తర్వాతి శుక్రవారం రెట్రోలో నేను అడిగిన మొదటి ప్రశ్న: "ఇది టెస్టింగ్‌లో ఎలా మిస్సయింది?"

మా టీమ్‌లో టెస్టర్ ఒక్కతే. ఇరవై నాలుగేళ్లు. వాళ్లది హనుమకొండ. ఆమె ఏమీ అనలేదు. కాసేపయ్యాక కెమెరా ఆఫ్ చేసింది. మిగతావాళ్లు "టెస్టింగ్ ఇంప్రూవ్ చేసుకోవాలి" అని చీటీ అంటించారు. సమోసాలు వచ్చాయి.

జనవరిలో ఆమె రిజైన్ చేసింది. కారణం దగ్గర "కెరీర్ గ్రోత్" అని రాసింది. నోటీస్ పీరియడ్‌లో ఇంటి నుంచే పనిచేస్తానని హనుమకొండ వెళ్లిపోయింది. ఉగాది అప్‌డేట్ దగ్గర పడుతోంది. మా ఆర్టిస్ట్ ఒకరోజు టీ దగ్గర నాతో అంది: "దీపావళి గురించి మనం ఇంతవరకు మాట్లాడుకోనేలేదు తెలుసా?" మాట్లాడాంగా అన్నాను. "మాట్లాడింది నువ్వు" అంది.

అలా బయల్దేరాం. టెస్టర్‌ని అడిగితే, "మా ఇంటికొస్తే కూర్చుంటా అన్నా. ఆ కాల్‌లోకి మాత్రం రాను" అంది.

ఇంటికి తీసుకెళ్లేముందు మమ్మల్ని వేయిస్తంభాల గుడికి తీసుకెళ్లింది. ఊరికొచ్చిన ప్రతివాళ్లూ చూసేదే కాబట్టి ఎక్కువ చెప్పను. కాకతీయ రుద్రదేవుడు 1163లో కట్టించాడు. శివుడు, విష్ణువు, సూర్యుడు, ముగ్గురికీ మూడు గర్భగుళ్లు. నల్లరాతి నంది దగ్గర అందరూ దిగే సెల్ఫీ మేమూ దిగాం. ఆమె మాత్రం నందికి అవతలున్న కల్యాణ మండపం వైపు నడిచింది.

"నా చిన్నప్పుడు ఇది లేదన్నా" అంది.

తొమ్మిది వందల ఏళ్ల నాటి మండపం నీ చిన్నప్పుడు లేకపోవడమేంటి అన్నాడు మా డిజైనర్.

విషయమేంటంటే, ఈ మండపం పునాది కుంగిపోయింది. కాకతీయులు పునాది గొయ్యిలో ఇసుక నింపి దాని మీద రాళ్లు నిలబెట్టేవారు. రామప్ప గుడిదీ అదే పద్ధతి. శతాబ్దాలు గడిచాక ఇక్కడ నేల కుంగి, స్తంభాలు ఒరిగాయి. పురావస్తు శాఖ వాళ్లు 2006 ప్రాంతంలో మండపాన్ని మొత్తం విప్పేశారు. ఒక్కో రాయికీ నంబరు వేసి పక్కన పేర్చారు. పని సాగుతూ, ఆగుతూ, మళ్లీ సాగుతూ, 2024 మార్చిలో శివరాత్రి రోజున తిరిగి తెరిచారు. అంటే మా టెస్టర్ ఒకటో తరగతిలో విప్పిన మండపం ఆమె ఉద్యోగంలో చేరాక నిలబడింది.

"బడి నుంచి గుడికి తీసుకొస్తే మేం చూసింది నంబర్లేసిన రాళ్లే. అప్పట్లో నవ్వుకునేవాళ్లం, వీళ్లు విప్పుడే కానీ కట్టుడు లేదు అని."

ఒక స్తంభం దగ్గర పాత రాయి రంగు, కొత్తగా పెట్టిన రాయి రంగు వేరుగా కనిపిస్తున్నాయి. మా కోడర్ దాన్ని వేలితో తడిమి చూశాడు. నాకు మాత్రం వేరే ఆలోచన. ఇన్ని స్తంభాలు ఒరిగాయి కదా, ఏ స్తంభం ముందు ఒరిగింది, దాన్ని చెక్కినవాడెవడు అని వీళ్లు ఎంక్వైరీ వేయలేదు. తవ్వి నేల చూశారు. నేనైతే మా శుక్రవారం కాల్‌లో ఒరిగిన స్తంభాన్ని పిలిచి "నువ్వెందుకు ఒరిగావ్" అని అడిగాను.

ఇది అప్పుడే తట్టిందని చెప్తే అబద్ధం. అప్పటికి సగమే తట్టింది. మిగతా సగం మిద్దె మీద.

వాళ్లమ్మ సర్వపిండి చేసి పెట్టింది. తిననివాళ్లు పాపం. బియ్యప్పిండిలో నానబెట్టిన శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు, పచ్చిమిర్చి కలిపి, లోతు గిన్నె లోపల చేత్తో ఒత్తి, వేలితో చిల్లులు పెట్టి, ఆ చిల్లుల్లో నూనె వేసి సన్నమంట మీద కాలుస్తారు. మాది గుంటూరు వైపు. ఇంత బతుకు బతికి దీన్ని ఇప్పుడా తినడం అనిపించింది. "మొహమాటపడకుండ్రి బిడ్డా, తినుండ్రి" అంటూ ఆవిడ వేస్తూనే ఉంది. ఆవిడకి తన కూతురు మా దగ్గర ఎందుకు మానేస్తోందో తెలుసో లేదో నాకు తెలీదు. రెండో ముక్క తీసుకునేటప్పుడు ఆవిడ మొహం చూడలేకపోయాను.

మిద్దె మీద నీళ్ల ట్యాంకు నీడలో చాపలు పరిచారు. రెట్రో నడిపే బాధ్యత ఆర్టిస్ట్‌ది. లీడ్ నడపకూడదని ఆమె ముందే చెప్పింది. రూల్స్ కూడా ఆమెవే. మొదటి పదిహేను నిమిషాలు ఎవరూ మాట్లాడకూడదు, రాయాలి. చదివేటప్పుడు తక్కువ మాట్లాడేవాళ్లు ముందు. లీడ్ చివర.

ఆమె గచ్చు మీద సుద్దతో పొడుగ్గా ఒక గీత గీసింది. దాని మీద తేదీలు. అక్టోబర్ 21 నుంచి దీపావళి 31 దాకా. "ఎవరికి ఏ రోజు ఏం జరిగిందో అదే రాయండి. ఎందుకు జరిగిందో వద్దు. ఫోన్లో చాట్, మెయిల్, అన్నీ చూసుకుని రాయండి" అంది.

నార్మన్ కెర్త్ అని ఒకాయన 2001లోనే దీని మీద ఒక పుస్తకం రాశాడు. ప్రాజెక్ట్ రెట్రోస్పెక్టివ్స్ అని. మొదలుపెట్టేముందు అందరూ ఒక మాట ఒప్పుకోవాలంటాడు. ఆ రోజు తనకు తెలిసినదాన్ని బట్టి, తన చేతిలో ఉన్నదాన్ని బట్టి, ప్రతివాళ్లూ చేయగలిగినంత చేశారు అని. ఇది వినడానికి ఏదో మెత్తటి మాటలా ఉంటుంది. నిజానికి కాదు. అది ఒప్పుకుంటే "ఎవడు" అనే ప్రశ్న పోయి, "ఆ రోజు అతనికి ఏం తెలియలేదు, ఎందుకు తెలియలేదు" అనే ప్రశ్న వస్తుంది. దానికి జవాబు వెతకడం చాలా కష్టం. తిట్టడమే సులువు.

చీటీలు ఒక్కొక్కటే గీత మీదకి వచ్చాయి. గాలికి ఎగరకుండా గులకరాళ్లు పెట్టాం.

సౌండ్ చేసే కుర్రాడు ఆ వారమంతా జ్వరంతో పనిచేశాడట. ఎవరికీ చెప్పలేదు. డిజైనర్ భూచక్రం గోలీని శనివారం రాత్రి కలిపాడు, అంటే విడుదలకి మూడు రోజుల ముందు. దాని కోసం కోడర్ సేవ్ ఫైల్ పద్ధతి మార్చాల్సి వచ్చింది. మార్చానని కోడ్ పక్కన ఒక్క లైన్ నోట్ రాశాడు. అందరూ చదివే ఉంటారనుకున్నాడు. ఎవరూ చదవలేదు. గేమ్ పనిలో ఉన్న తంటా ఇదే. బొమ్మ వేసేవాళ్లకి ఒక గేమ్ కనిపిస్తుంది, కోడ్ రాసేవాళ్లకి ఇంకో గేమ్, చప్పుడు పెట్టేవాళ్లకి మరో గేమ్. ఏడుగురం ఏడు గేములు చేస్తూ, అది ఒకటే అనుకుంటాం.

మా టెస్టర్ చీటీలు ఆరు. ఐదు మామూలువి. ఆరోది 27వ తేదీ, ఆదివారం దగ్గర పెట్టింది. "రాత్రి 11:40, గ్రూపులో మెసేజ్."

అందరం ఫోన్లు తీశాం. పైకి, పైకి, ఇంకా పైకి. దీపావళి విషెస్, ఐకాన్ బొమ్మలు, మీమ్స్ దాటుకుని వెళ్తే కనిపించింది. కొత్తగా ఇన్‌స్టాల్ చేసిన ఫోన్ల మీదే చూశాను, పాత వెర్షన్ ఉన్న ఫోన్ నా దగ్గర లేదు, ఒక్కరోజు టైమ్ ఇస్తే ఎక్కడైనా తెచ్చి చూస్తాను, ఇవ్వొచ్చా, అని అడిగింది.

కింద ఒకటే రియాక్షన్. బొటనవేలు పైకి.

నాదే.

నాకు గుర్తు కూడా లేదు. ఆదివారం రాత్రి పదకొండున్నరకి నేను ఎక్కడున్నాను? పబ్లిషర్‌తో కాల్‌లో ఉన్నాను. పండగ స్లాట్ పోతే మళ్లీ దొరకదని వాళ్లు, మంగళవారం పక్కా అని నేను. ఆ మధ్యలో మెసేజ్ వచ్చింది, "చూశాను" అన్న అర్థంలో వేలు నొక్కాను. ఆమెకి అది "ఏం పర్లేదు, కానివ్వు" అని కనిపించింది. ఆ తర్వాత శుక్రవారం నేనే అందరి ముందు అడిగాను, ఎలా మిస్సయింది అని. ఆమె ఆ మెసేజ్ తీసి నా మొహాన చూపించొచ్చు. చూపించలేదు.

"ఎందుకు చెప్పలేదు?" అన్నాను. లీడ్ చివర మాట్లాడాలన్న రూల్ అక్కడే విరిగింది.

"నువ్వు చూసే వేలు పెట్టావనుకున్నా అన్నా. తెలిసే నన్ను అడుగుతున్నావనుకున్నా."

ట్యాంకులోకి నీళ్లు పడుతున్న చప్పుడు తప్ప ఇంకేం లేదు.

ఆర్టిస్ట్ తొందరపడలేదు. తర్వాతి అంకం మొదలుపెట్టింది. ఆ గీత పైనా కిందా ఎవరి మూడ్ ఎలా ఉందో రంగు సుద్దతో గీయమంది. ఆరుగురి గీతలూ బుధవారం, అంటే రివ్యూలు పడ్డ రోజు, ధబాల్మని కిందపడ్డాయి. టెస్టర్ గీత ఆదివారం రాత్రే పడింది. మళ్లీ పైకి లేవలేదు. గచ్చు అయిపోయేదాకా అలాగే కింద సాగింది.

నేను సారీ చెప్పాను. అందరి ముందు అడిగాను కాబట్టి అందరి ముందే. ఆమె "సరే అన్నా" అంది. అంతకు మించి ఆశించే హక్కు నాకు లేదు.

భోజనాల దగ్గర వాళ్ల నాన్న కలిశారు. డ్యూటీ నుంచి అప్పుడే వచ్చారు. "గోలీలాట మీదేనా? నేను రోజు ఆడతా" అన్నారు. 61వ లెవల్‌లో ఉన్నారట. మా కోడర్ తింటున్నవాడు ఆగిపోయాడు. "సార్, దీపావళికి మీ లెవల్స్ పోలేదా?"

"అప్‌డేటే కొట్టలే బిడ్డా. గీ ఫోన్ల జాగ లేదంటది."

చూస్తే ఆగస్టు నాటి వెర్షన్. ఫోన్ నిండా గుడ్ మార్నింగ్ బొమ్మలు. ఆమె ఆ ఆదివారం ఒక్కరోజు అడిగింది ఏ ఫోన్ కోసమో, ఆ ఫోన్ వాళ్ల ఇంట్లోనే, వాళ్ల నాన్న జేబులో ఉంది. ఒక్కరోజు ఇచ్చుంటే ఇంటికి ఫోన్ చేసి అడిగేదేమో.

"మరి ఇప్పుడు కొడితే నా 61 పోతదా?" అన్నారాయన.

పోదు అనాలి. నవంబర్‌లోనే సరిచేశాం. ఉగాది అప్‌డేట్ రెడీగా ఉంది. కానీ కోడర్ నా వైపు చూశాడు, నేను టెస్టర్ వైపు చూశాను. ఏడుగురిలో ఒక్కరూ పోదు అని చెప్పలేకపోయాం.

మా గేమ్ సేవ్ ఫైల్‌ని ఫోన్లో మామూలు ఫోల్డర్‌లోనే పెడుతుంది. అది మంచి అలవాటు కాదుగానీ ఆ రోజు కలిసొచ్చింది. ముందు దాన్ని ల్యాప్‌టాప్‌లోకి తీసుకున్నాం. తర్వాత జాగా కోసం గుడ్ మార్నింగ్ బొమ్మలు తీసేయాలి. ఆయన ఒక్కొక్కటీ చూసి, "గిది ఉండనీయ్, మా బావ పంపిండు" అంటుంటే అదే అరగంట పట్టింది. అప్పుడు ఉగాది అప్‌డేట్ ఎక్కించాం.

గేమ్ తెరుచుకుంది. 61 ఉంది. అందరం ఊపిరి పీల్చుకున్నాం. టెస్టర్ మాత్రం ఫోన్ దగ్గరికి తీసుకుని చూసింది.

"నాణేలు సున్నా."

నవంబర్‌లో మేం సరిచేసింది లెవల్స్‌నే. అంత పాత వెర్షన్‌లో నాణేలు దాచే చోటు వేరు. అది ఎవరికీ గుర్తులేదు. "61 ఉన్నది గదా, పైసలదేమున్నది తియ్" అన్నారు వాళ్ల నాన్న. "పైసలు పోయినా బగ్గే నాన్నా" అంది.

ఆ మధ్యాహ్నం మళ్లీ మిద్దె ఎక్కి కూర్చున్నప్పుడు చీటీల మీద "కమ్యూనికేషన్" అన్న మాట ఒక్కటీ లేదు. ఆర్టిస్ట్ రెండే నిర్ణయాలు రాయనిచ్చింది. పది రాస్తే పదీ గాల్లో కలుస్తాయని ఆమె వాదన, నాకూ నిజమే అనిపించింది. ఒకటి, ఆఫీసులో పాత ఫోన్ల డబ్బా ఒకటి పెట్టాలి. అందులో ఫోన్లని ఎవరూ అప్‌డేట్ చేయకూడదు. ఆ పని కోడర్‌ది, రెండు వారాల్లో అయిపోవాలి. రెండు, విడుదల ఆపమని టెస్టర్ అంటే ఆగాలి. అడిగిన ప్రశ్నకి బొమ్మతో కాదు, మాటతో జవాబు ఇవ్వాలి. దీని పక్కన నా పేరు.

సాయంత్రం భద్రకాళి చెరువు కట్ట మీద నీళ్లు చూస్తూ కూర్చుందామని వెళ్లాం. నీళ్లు లేవు. పూడిక తీయడానికి చెరువు ఖాళీ చేశారు. కనుచూపు మేర బురద, నెర్రెలు. రీల్ తీద్దామని కొత్త చొక్కా వేసుకొచ్చిన మా డిజైనర్ మొహం చూడాలి. మక్క కంకులు కొనుక్కుని తిని, కట్ట మీద కాసేపు నడిచి, కాజీపేటకి ఆటో ఎక్కాం. దార్లో ఆర్టిస్ట్ అడిగింది, ఇక్కడే ఉండిపోవచ్చు కదా అని. 2020 జనవరిలో మడికొండ ఐటీ పార్కులో పెద్ద కంపెనీలు ఆఫీసులు తెరిచాయి కదా. "ఉన్నయి అక్కా, కానీ గేమ్స్ లేవు" అంది టెస్టర్. గేమ్స్ కావాలంటే మళ్లీ హైదరాబాదే.

ఉగాది అప్‌డేట్‌ని నాలుగు రోజులు ఆలస్యంగా ఇచ్చాం. పండగ దాటిపోయింది. పబ్లిషర్ దగ్గర నాకు పడాల్సినవి పడ్డాయి. నాణేలు మాత్రం ఎవరివీ పోలేదు.

మా టెస్టర్ ఆగలేదు. వేరే స్టూడియోకి మాట ఇచ్చేసింది, నోటీస్ అయిపోగానే వెళ్లిపోయింది. నేనూ ఉండమని అడగలేదు. అడిగే ముఖం ఉండాలి కదా.

మే నెలలో ఆఫీసుకి హనుమకొండ నుంచి కొరియర్ వచ్చింది. ఆమె కొత్త ఉద్యోగంలో మొదటి జీతంతో నాన్నకి కొత్త ఫోన్ కొనిచ్చిందట. పాతది మా డబ్బాకి పంపింది. స్క్రీన్ మూలన చిన్న పగులు. లోపల మేం ఆ రోజు తిరిగి పెట్టిన ఆగస్టు వెర్షన్, 61వ లెవల్, నాణేలు అన్నీ పదిలంగా ఉన్నాయి. వెనక ఒక స్టిక్కర్ అంటించి, దాని మీద పెన్నుతో రాసింది: "నాన్న ఫోన్. ఎవరూ అప్‌డేట్ చేయొద్దు."